ఆకుకూరా, కషాయమూ, రక్తం పలచబడే మాత్రా

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఏప్రిల్ చివరి నుంచి జులై దాకా మామిడిదే రాజ్యం. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు పోతే సెందూరా, మల్గోవా, బంగినపల్లి, నీలం ఇళ్ళకు చేరతాయి. గంప ఇంట్లోకి వచ్చిందంటే పూటకో పండు తినడం ఇక్కడ విశేషమేమీ కాదు. ఈ ప్రాంతంలో రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన పరిశీలన ఒకటి 2002లో ‘అన్నల్స్ ఆఫ్ ఫార్మకోథెరపీ’ అనే వైద్యపత్రికలో అచ్చయింది. వార్ఫరిన్ వాడుతున్న 13 మందికి ఉన్నట్టుండి రక్తం గడ్డకట్టే వ్యవధి పెరిగింది. ఆరా తీస్తే, అందరూ ఆ రోజుల్లో రోజుకు ఒకటి నుంచి ఆరు దాకా మామిడిపండ్లు తింటున్నారు. వాళ్ళ ఐఎన్ఆర్, అంటే ఆ వ్యవధిని చెప్పే అంకె, సగటున 38 శాతం పెరిగింది. పండ్లు మానాక మళ్ళీ దిగింది.

పదమూడు మందిని చూసి మామిడి మీద నేరం మోపలేం. పండులోని విటమిన్ ఎ కారణం కావచ్చన్నది ఆ పరిశోధకుల ఊహ మాత్రమే. అయినా ఆ మాత్ర ఎంత ఇరుకైన హద్దుల మధ్య పనిచేస్తుందో ఈ ఉదాహరణ చెబుతుంది. పండు విషయమే ఇలా ఉంటే, గుప్పెడు మూలికలు మరిగించి తాగే కషాయం సంగతేమిటి? సీసాలో వచ్చే పసుపు గొట్టాల (క్యాప్సూళ్ళ) సంగతేమిటి? రోజూ తినే ఆకుకూర మాటేమిటి? ఈ అధ్యాయం వాటి గురించే.

ఎవరికి ఈ మాత్ర?

చిన్నతనంలో గొంతునొప్పితో మొదలయ్యే రుమాటిక్ జ్వరం కొందరి గుండె కవాటాలను పాడుచేస్తుంది. పాడైన కవాటం తీసి కృత్రిమ కవాటం అమర్చడం మన దేశంలో పేదలకు అందిందంటే అందులో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ పాత్ర పెద్దది. డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో అక్కడ తయారైన కవాటాన్ని 1990 డిసెంబరు 6న మొదటిసారి ఒక రోగికి అమర్చారు. విదేశీ కవాటాల ధరతో పోలిస్తే అది ఎంతో చవక. అయితే ఇలాంటి యాంత్రిక కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ గడ్డ కవాటాన్ని బిగించేయవచ్చు, మెదడుకు పోయి పక్షవాతం తేవచ్చు. అందుకే జీవితాంతం వార్ఫరిన్ గాని, మన దగ్గర ఎసిట్రామ్ పేరుతో ఎక్కువమందికి తెలిసిన ఎసినోకౌమరాల్ గాని వేసుకోవాలి. గుండె లయ తప్పినవాళ్ళకూ, కాళ్ళ సిరల్లో గడ్డలు కట్టినవాళ్ళకూ ఇవే రాస్తారు.

స్టెంట్ వేయించుకున్నవాళ్ళు వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేరే జాతి. అవి ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ మూడో జాతి. ఇవి కొత్తవి, వీటికి నెలనెలా ఐఎన్ఆర్ అక్కర్లేదు. జనం నోట మాత్రం అన్నీ ‘రక్తం పలచబడే మాత్ర’లే. మూలికలతో తగవు ఒక్కో జాతికి ఒక్కో రకంగా వస్తుంది కాబట్టి, మన ఇంట్లో ఉన్నది ఏదో తెలుసుకోవడం మొదటి పని.

కొత్తవి వచ్చాయిగా, పాతవాటి గోల ఎందుకని అడగవచ్చు. యాంత్రిక కవాటం ఉన్నవాళ్ళలో డాబిగాట్రాన్‌ను పరీక్షించిన అధ్యయనంలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరిగాయి. 2013లో వెలువడిన ఫలితం అది. రుమాటిక్ జబ్బుతో గుండె లయ తప్పిన నాలుగున్నర వేల మందికి పైగా రోగులతో 24 దేశాల్లో జరిగిన మరో అధ్యయనం 2022లో వచ్చింది. అందులోనూ రివరాక్సబాన్ కంటే పాత మాత్రే మెరుగని తేలింది. మన పల్లెల్లోని కవాటం రోగులకు పాత మాత్రే దిక్కు. అందువల్ల పాత జాగ్రత్తలూ తప్పవు.

పశుగ్రాసంలో దొరికిన మందు

ఈ మందు పుట్టుకే మొక్క నుంచి. 1920ల్లో ఉత్తర అమెరికా పల్లెల్లో పశువులు కారణం తెలియకుండా రక్తం కారి చచ్చిపోయేవి. కొమ్ములు కత్తిరించిన చిన్న గాయానికే రక్తం ఆగేది కాదు. స్వీట్‌క్లోవర్ అనే గడ్డి తడిసి బూజుపట్టాక మేసిన పశువులకే ఈ గతి పడుతోందని పశువైద్యులు పసిగట్టారు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్‌కు చెందిన ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచు తుపానులో బండి తోలుకుని మాడిసన్ నగరంలోని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. బండిలో చనిపోయిన పెయ్యదూడ, బూజుపట్టిన గడ్డి, పాలక్యానులో గడ్డకట్టని రక్తం. అక్కడి రసాయనశాస్త్రవేత్త కార్ల్ లింక్ బృందం ఆరేళ్ళు శ్రమించి 1939లో ఆ గడ్డిలోంచి డైకౌమరాల్ అనే పదార్థాన్ని విడదీసింది. దాని తోబుట్టువే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చి, 1954లో మనుషుల మందయింది.

ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పచ్చి స్వీట్‌క్లోవర్‌లో ఉండే కౌమరిన్ రక్తాన్ని ఏమీ చేయదు. బూజు దాన్ని డైకౌమరాల్‌గా మార్చాకే ప్రమాదం. ఫలానా మొక్కలో కౌమరిన్ ఉంది కాబట్టి అది రక్తాన్ని పలచన చేస్తుందని ప్రచారంలో ఉన్న జాబితాలను ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని చదవాలి. మొక్కలో పదార్థం ఉండటం వేరు, అది మన ఒంట్లో పనిచేయడం వేరు.

విటమిన్ కె, ఒకే చేద

రక్తం గడ్డకట్టడానికి కాలేయం కొన్ని ప్రొటీన్లు తయారుచేస్తుంది. అందులో రెండు, ఏడు, తొమ్మిది, పది నంబర్లవి విటమిన్ కె లేనిదే పనికిరావు. 1930ల్లో డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ కోడిపిల్లల మీద పరిశోధన చేస్తూ ఈ విటమిన్‌ను కనిపెట్టాడు. 1943 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. మన ఒంట్లో విటమిన్ కె నిల్వ చాలా తక్కువ. ఒకే చేదను బావిలోకి దించుతూ పైకి లాగుతూ రోజంతా నీళ్ళు తోడినట్టు, కాలేయం ఉన్న కాస్త విటమిన్‌నే మళ్ళీమళ్ళీ వాడుకుంటుంది. వాడిన చేదను తిరిగి కిందికి దించే తాడును వార్ఫరిన్ పట్టి ఆపుతుంది. ఆకుకూర తిన్నప్పుడు కొత్త చేదలు వచ్చి చేరతాయి, మందు పట్టు సడలుతుంది.

మన కృష్ణగిరి జిల్లాలోని శూలగిరి ప్రాంతం కొత్తిమీరకూ పుదీనాకూ పేరుమోసింది. రాగిముద్దలోకి ఆకు ఎనిపి తినడం ఇక్కడి తెలుగిళ్ళలో తాతల నాటి అలవాటు. అమెరికా వ్యవసాయశాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి తోటకూరలో 1,140 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుంది. పాలకూరలో 483, కొత్తిమీరలో 310, క్యాబేజీలో 76. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 90 నుంచి 120. అంటే కప్పు తోటకూర కూరతో ఆ రోజు అవసరానికి కొన్ని రెట్లు అందుతుంది. తాలింపులో వేసే నాలుగు కొత్తిమీర రెమ్మలతో వచ్చేది లెక్కలోకి రాదు.

ఈ అంకెలు చూపించి ‘ఆకుకూర మానెయ్’ అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది తప్పు సలహా. ఆకుకూర బొత్తిగా తినని మనిషి ఒంట్లో విటమిన్ కె అడుగంటి ఉంటుంది. పెళ్ళిలో ఒకపూట పాలకూర పప్పు తిన్నా, రెండు రోజులు విరేచనాలు పట్టుకుని అన్నం మానినా ఐఎన్ఆర్ అటూ ఇటూ ఊగిపోతుంది. ఇంగ్లండ్‌లో జరిగి 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, కారణం తెలియకుండా ఐఎన్ఆర్ నిలవని వార్ఫరిన్ రోగులకు రోజూ 150 మైక్రోగ్రాముల విటమిన్ కె ఇచ్చి చూశారు. వాళ్ళ ఐఎన్ఆర్ మునుపటి కంటే నిలకడగా ఉంది. మందుకు విరుగుడైన విటమిన్‌నే రోజూ కొలిచి ఇస్తే మందు కుదురుగా పనిచేసిందన్నమాట. మనం పట్టుకోవలసింది ఈ నిలకడే. వారానికి మూడుసార్లు ఆకు తినే ఇల్లు మూడుసార్లే తినాలి. తినే అలవాటును బట్టి డాక్టరు మాత్ర మోతాదు కుదురుస్తారు.

చిక్కంతా పొడులతో, గొట్టాలతో వస్తుంది. మునగాకును ఎండబెట్టి దంచితే పిడికెడు ఆకు చెంచాడు పొడిగా మారుతుంది. ఆరోగ్యానికి మంచిదని ఎవరో చెప్పగా ఒక సోమవారం మొదలుపెట్టి, నెలకల్లా డబ్బా అయిపోగానే మానేస్తారు. మొదలుపెట్టిన వారం మందు చాలక గడ్డ భయం, మానిన వారం మందు ఎక్కువై రక్తస్రావం భయం. గోధుమగడ్డి రసం, మల్టీవిటమిన్ మాత్రలు, కొన్ని ప్రొటీన్ పొడుల మీద కూడా ఇదే కన్ను ఉంచాలి.

పసుపు, మిరియం, కాలేయం

తిండీ మూలికలూ మాత్రతో తగవు పడే మొదటి దారి విటమిన్ కె అయితే, రెండో దారి కాలేయంలోని ఎంజైములది. వార్ఫరిన్‌లో ఎక్కువ పనిచేసే భాగాన్ని సీవైపీ2సీ9 అనే ఎంజైము విరగ్గొట్టి బయటికి పంపుతుంది. దాన్ని ఏదైనా మందకొడి చేస్తే మాత్ర ఒంట్లో పేరుకుంటుంది. దాన్ని రెచ్చగొడితే మాత్ర పనిచేయకుండానే పోతుంది. కొత్త జాతి మాత్రలకు వేరే ఎంజైమూ, పేగుల్లో మందును వెనక్కి నెట్టే ఒక ప్రొటీనూ ముఖ్యం.

ఇక్కడ పసుపును దగ్గర నుంచి చూడాలి. పసుపు పొడిలో కర్‌క్యుమిన్ సుమారుగా వందకు మూడు పాళ్ళు. కూరలో వేసే పావుచెంచాలో అది కొద్ది మిల్లీగ్రాములే, అందులోనూ పేగులు పీల్చుకునేది అత్యల్పం. మందుల షాపులో దొరికే గొట్టం ఒకదానిలో 500 మిల్లీగ్రాముల సారం ఉంటుంది, అందులో 95 శాతం కర్‌క్యుమిన్ జాతి పదార్థాలే. ఒక్క గొట్టం మింగితే సుమారు 15 గ్రాముల పసుపు తిన్నట్టు. చాలా గొట్టాల్లో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కూడా కలుపుతారు. అలా ఎందుకు కలుపుతారో, మన జిల్లాలోని హోసూరు నుంచి 40 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలలో జరిగిన పరిశోధన చెబుతుంది. కర్‌క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇస్తే మనుషుల రక్తంలోకి చేరే కర్‌క్యుమిన్ 2,000 శాతం పెరిగిందని 1998లో వాళ్ళు ప్రకటించారు. కర్‌క్యుమిన్‌కు దారి తెరిచే మిరియం ఇతర మందులకూ తెరవగలదు. రోజూ చారులో పడే మిరియాలకు ఈ భయం అక్కర్లేదు. సారాన్ని గొట్టాల్లో మింగినప్పుడే అది మందుగా మారుతుంది.

2018లో న్యూజీలాండ్ మందుల నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ ఒక హెచ్చరిక విడుదల చేసింది. వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు ఉత్పత్తి వాడటం మొదలుపెట్టిన కొన్ని వారాల్లో ఐఎన్ఆర్ 10 దాటింది. చాలామంది రోగులకు ఉండవలసింది 2 నుంచి 3 మధ్య, కొన్ని కవాటాలకు 2.5 నుంచి 3.5. పది దాటిందంటే ఏ క్షణాన ఎక్కడ రక్తస్రావం మొదలవుతుందో చెప్పలేని స్థితి.

మెంతుల మీద కూడా ఒక కేసు నమోదైంది. బోల్డో అనే ఆకుతో కలిపి మెంతులు వాడిన వార్ఫరిన్ రోగికి ఐఎన్ఆర్ పెరిగింది, మానగానే తగ్గింది, మళ్ళీ వాడగానే మళ్ళీ పెరిగింది. 2001లో ప్రచురితమైంది. చక్కెర వ్యాధికి పొద్దున్నే మెంతులు నానబెట్టి మింగేవాళ్ళు మన ఊళ్ళలో కొల్లలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వారం పది రోజుల్లో ఐఎన్ఆర్ చూపించుకుంటే చాలు.

వెల్లుల్లి, ప్లేట్‌లెట్లు

మూడో దారి ప్లేట్‌లెట్ల మీదుగా పోతుంది. ఇందులోని చిక్కేమిటంటే ఐఎన్ఆర్ పరీక్షలో ఇది కనిపించదు. వెల్లుల్లిలోని అజోయీన్, లవంగంలోని యూజినాల్, నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్ ప్రయోగశాలలో ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా అడ్డుకుంటాయి. వెల్లుల్లి అతిగా తిన్న 87 ఏళ్ళ వృద్ధుడికి వెన్నుపాము పక్కన రక్తం చేరి కాళ్ళు పడిపోయిన కేసు 1990లో నమోదైంది. మరోవైపు, మాగబెట్టిన వెల్లుల్లి సారాన్ని వార్ఫరిన్ రోగులకు ఇచ్చి చూసిన 2006 నాటి పరీక్షలో రక్తస్రావం పెరగలేదు. ఆరోగ్యవంతులకు అల్లం ఇచ్చి చూసిన 2005 నాటి పరీక్షలోనూ వార్ఫరిన్ పని మారలేదు.

రెండు రకాల సాక్ష్యాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కూరలో వేసే అల్లం వెల్లుల్లికి భయపడనక్కర్లేదని అర్థమవుతుంది. గుండె అడ్డంకులు కరిగిస్తుందంటూ ఫోన్లలో తిరిగే అల్లం, వెల్లుల్లి, నిమ్మ, వెనిగర్, తేనె పాకం సంగతి వేరు. దాన్ని రోజూ తాగేది ఎక్కువగా గుండె రోగులే. వాళ్ళలో చాలామంది అప్పటికే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వేసుకుంటుంటారు. ఆరోగ్యవంతుడి మీద చేసిన పరీక్ష వాళ్ళకు హామీ ఇవ్వదు. పన్ను పీకించుకునే ముందూ, ఆపరేషనుకు ముందూ ఈ పాకం సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

జ్వరం వచ్చిన వారం

అన్నీ ఒకేసారి కలిసొచ్చే సందర్భం జ్వరం. తమిళనాడు ప్రభుత్వం 2012 డెంగీ కాలంలో నిలవేంబు కషాయాన్నీ, 2020 కరోనా కాలంలో కబసుర కషాయాన్నీ ఊరూరా పంచింది. అప్పటి నుంచి జ్వరమంటే ఆ పొడి పొట్లం కోసం నాటుమందుల అంగడికి పోవడం హోసూరు, డెంకణికోట, కెలమంగలం ప్రాంతాల్లో మామూలైంది. నిలవేంబు పొడిలో మన నేలవేముతో పాటు శొంఠి, మిరియాలు, వట్టివేరు, తుంగముస్తలు లాంటి తొమ్మిది సరుకులుంటాయి. కబసురలో పదిహేను, వాటిలో శొంఠి, పిప్పళ్ళు, లవంగాలు, అడ్డసరం, తిప్పతీగ ఉన్నాయి.

కవాటం మార్పించుకుని రోజూ ఎసిట్రామ్ వేసుకునే ఒక పెద్దమనిషికి జ్వరం వచ్చిందనుకుందాం. నోరు చేదై నాలుగు రోజులు గంజి తప్ప ఏమీ తినలేదు, విటమిన్ కె తగ్గింది. జ్వరానికి ఒంట్లో గడ్డకట్టించే ప్రొటీన్లు వేగంగా ఖర్చవుతాయి. ఆరేసి గంటలకు ఒకటి చొప్పున పారాసిటమాల్ వేసుకుంటున్నాడు. రోజుల తరబడి పూర్తి మోతాదులో వాడితే అదీ ఐఎన్ఆర్‌ను పెంచుతుంది. కడుపు చెడితే మందుల షాపులో మెట్రోనిడజోల్ ఇచ్చారు, అది సీవైపీ2సీ9ను అడ్డుకుంటుంది. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ ఇచ్చారు, అది కడుపులో పుండ్లు చేసి ప్లేట్‌లెట్లనూ దెబ్బతీస్తుంది. వీటన్నిటి మీద పూటకో గ్లాసు కషాయం. ఆరో రోజు చిగుళ్ళ నుంచి రక్తం కారితే నింద కషాయం మీదికో, ఎసిట్రామ్ మీదికో పోతుంది. నిజానికి ఆరు కారణాలు ఒకే దిక్కుకు తోశాయి. వాటిలో అన్నిటికంటే పెద్ద తోపు మెట్రోనిడజోల్, డైక్లోఫెనాక్‌లది. చీటీ లేకుండా కొన్న ఆ రెండు మాత్రల ముందు నేలవేము పాపం చిన్నదే.

చెప్పడం, అడగడం

కవాటం ఆపరేషను బెంగళూరులోనో వెల్లూరులోనో జరుగుతుంది. ఐఎన్ఆర్ హోసూరు ల్యాబులో చేస్తారు. నీలిరంగు మూత ట్యూబులో గీత దాకా రక్తం నింపి, తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేటు ఉండేలా చూసి, అది గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో యంత్రం కొలుస్తుంది. ఆ అంకెను ఫోనులో చెబితే డాక్టరు మోతాదు మారుస్తారు. ఈ ఏర్పాటులో మనిషి ఏం తిన్నాడు, ఏం తాగాడు అన్నది ఎవరి కాగితం మీదికీ ఎక్కదు. తమిళనాట ప్రభుత్వాసుపత్రుల్లో సిద్ధ వైద్య విభాగాలు అల్లోపతి విభాగాల పక్కనే ఉంటాయి. ఒకే ఆవరణలో రెండు చీటీలు రాసినా ఒకరి చీటీ ఇంకొకరికి కనిపించకపోతే లాభం లేదు. కషాయం సంగతి చెబితే డాక్టరు కోప్పడతారని రోగి దాస్తాడు. అడిగితే సమయం పోతుందని డాక్టరు అడగడు. ప్రాణం మీదికి తెచ్చేది మూలిక కంటే ఈ మౌనమే.

సరిదిద్దే దారి ఈ జిల్లాలోనే ఉంది. ఇంటి గడపకే వైద్యం తెచ్చే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని తమిళనాడు ముఖ్యమంత్రి 2021 ఆగస్టు 5న ప్రారంభించింది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, చక్కెర మాత్రలు పట్టుకుని కార్యకర్తలు ఇళ్ళకు వస్తున్నారు. ‘రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారా? ఈ నెల కొత్తగా ఏ పొడి, ఏ కషాయం, ఏ నొప్పిమాత్ర మొదలుపెట్టారు?’ అన్న రెండు ప్రశ్నలు వాళ్ళ పుస్తకంలో చేరితే ఎన్నో రక్తస్రావాలు ముందే ఆగుతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషిని తెలుగులోనే అడిగితే జవాబు దాచకుండా వస్తుంది.

ఇంటివాళ్ళు పాటించవలసినవి కొన్నే. మాత్ర ఏదైనా, సొంతంగా ఆపకూడదు. కవాటం ఉన్నవాళ్ళు నాలుగు రోజులు ఆపినా గడ్డకట్టవచ్చు. రోజువారీ తిండి మార్చకండి, మార్చవలసి వస్తే ముందు చెప్పండి. కొత్త పొడి, కొత్త గొట్టం, కొత్త కషాయం ఏది మొదలుపెట్టినా, ఏది మానినా వారంలోపు ఐఎన్ఆర్ చూపించుకోండి. మందుల షాపులో నోరు తెరిచి మాత్ర పేరు చెప్పాకే ఇంకో మాత్ర కొనండి. మలం నల్లగా వచ్చినా, మూత్రంలో ఎరుపు కనిపించినా, దెబ్బ తగలకుండా ఒంటి మీద కమిలిన మచ్చలు లేచినా, చిగుళ్ళ రక్తం ఆగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. తలకు దెబ్బ తగిలితే, ఎప్పుడూ లేనంత తలనొప్పి వస్తే గంట కూడా ఆగవద్దు.

ఈ వారమే, ఇంట్లో ఆ మాత్ర వేసుకునే మనిషి మందుల సంచినీ, వంటింట్లోని పొడుల డబ్బాలనూ ఒకచోట పెట్టి ఏమేం వాడుతున్నారో ఒక కాగితం మీద రాయండి. పేరు తెలియని పొడి అయితే పొట్లాన్నే పట్టుకెళ్ళండి. తర్వాతి పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు అడగకపోయినా ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి.